జీతమూ కంపెనీదే, షేర్లూ కంపెనీవే అయితే ఎట్లన్నా?

నమస్తే అన్నా, మీ ఉత్తరం రెండుసార్లు చదివిన. వరంగల్ ఆర్‌ఈసీల 2000ల పాసై, ఇప్పుడు హైదరాబాద్‌ల ఒక అమెరికా చిప్ కంపెనీల అప్లికేషన్స్ ఇంజినీరింగ్ టీమ్‌ను నడిపిస్తున్నరు, వయసు 47, చేతిల జీతంతోపాటు కంపెనీ ఇచ్చిన షేర్లు కోటీ 60 లక్షలు, ఎఫ్‌డీ 6 లక్షలే, ఇంటి లోను ఇంకా 45 లక్షలున్నది, బిడ్డ ఇంటర్ సెకండియర్. షేర్లు ఇంకా పెరుగుతయని ఉంచుకోవాల్నా, బామ్మర్ది అన్నట్టు అమ్మి కాజీపేట దిక్కు ప్లాట్ కొనాల్నా అని అడిగిండ్రు.

కస్టమర్ తన బోర్డు స్కీమాటిక్, అంటే సర్క్యూట్ బొమ్మ, పంపితే తప్పులు పట్టేది మీ టీమే కదా. ప్రాసెసర్, మెమరీ, సెన్సర్లు అన్నిటికీ ఒక్కటే రెగ్యులేటర్ (కరెంటును సరిచేసి ఇచ్చే చిప్పు) నుంచి కరెంటు పోతుంటే, అది వేడెక్కి ఆగిందంటే బోర్డు మొత్తం పాయె, మీరైతే అక్కడ్నే ఎర్రగీత గీసి వెనక్కి పంపుతరు. మీ ఇంటి లెక్క గట్లనే ఉన్నదన్నా. జీతం, బోనస్, షేర్లు, ఈఎంఐ అన్నీ ఒక్క చిప్ మార్కెట్ మీదనే నడుస్తున్నయి. మీరు ఉద్యోగంల చేరిన మరుసటేడు, 2001ల, ప్రపంచంల చిప్ అమ్మకాలు ఒక్కసారే 30 శాతం పైన పడ్డయి. 2023ల కూడా తగ్గినయి. ఈ లైన్ల షేరు పడేదీ ఉద్యోగాలు పోయేదీ ఒక్కటే టైమ్‌కు వస్తయి, పైగా మీ స్థాయి పోస్టులు హైదరాబాద్‌ల తక్కువ, దొరకాలంటే నెలలు పడ్తది.

ట్యాక్స్ భయంతోని ఆగకండి. షేర్లు మీ పేరు మీదికి వచ్చిన రోజు విలువకు జీతం లెక్కన ట్యాక్స్ అప్పుడే కట్టిండ్రు, ఇప్పుడు పడేది అటెన్క పెరిగినదాని మీదనే. విదేశీ షేర్లు 24 నెలలు దాటితే 12.5 శాతం, పైన సెస్సు, సర్‌ఛార్జీ. మీకు రెండేండ్లు దాటినయి కోటీ 20 లక్షలవి, లాభం 40 లక్షలు అంటున్నరు, అంటే 5 లక్షల పైచిల్లర. లాభం రెండు ట్యాక్స్ ఏడాదులల్ల పడేటట్టు సగం మార్చి లోపల, సగం ఏప్రిల్‌ల అమ్మండి. ఇకనుంచి వచ్చేవి వచ్చినయి వచ్చినట్టే అమ్ముడే. ఎఫ్‌డీల 18 లక్షలు కలిపితే ఏడాది ఖర్చు ఎల్తది, బిడ్డ చదువుకు 25, లోనుకు 20, మిగిలింది ఇండెక్స్ ఫండ్‌ల, అంటే ఒక్క కంపెనీ మీద కాకుండ మార్కెట్‌ల చానా కంపెనీల మీద పెట్టే ఫండ్‌ల, కొంచెం కొంచెం పెట్టండి.

ప్లాట్ నాకైతే ఇప్పుడు వద్దనిపిస్తది. ఉత్త జాగ కొంటే ట్యాక్స్ మినహాయింపు రాదు, మూడేండ్లల్ల ఇల్లు కట్టాలె, ఉద్యోగం పోయిన నెల అమ్ముదామంటే కొనేటోడు దొరకడు.

ఇంకోటి, ఇది చానామందికి తెల్వది. అమెరికా పౌరులు కానోళ్లు, అక్కడ ఉండనోళ్లు చనిపోయేనాటికి 60 వేల డాలర్ల పైన అమెరికా కంపెనీ షేర్లుంటే, ఆ పైన ఉన్నదాని మీద అక్కడి ప్రభుత్వం 40 శాతం దాకా వారసత్వ పన్ను వేస్తది, దీని మీద మన దేశానికీ వాళ్లకూ ఒప్పందం లేదు. మీయి దానికి మూడింతల దగ్గర ఉన్నయి. బ్రోకర్ అకౌంట్ లాగిన్ వదినకు తెల్వదని రాసిండ్రు కదా, ఈ ఆదివారం పక్కన కూసొబెట్టుకొని అకౌంట్ ఓపెన్ చేసి చూపెట్టండి, ఏ షేరు ఎప్పుడొచ్చిందో ఒక నోట్‌బుక్‌ల ఆమె చేతితోనే రాపియ్యండి, ఇన్‌కం ట్యాక్స్ రిటర్న్‌ల విదేశీ ఆస్తుల షెడ్యూల్ నింపేటప్పుడు గూడ అదే పనికొస్తది.