మీ తమ్ముడికి మనీలాలో దొరకనిది ఒక్కటే: ఏకాంతం

ప్రశ్న: "మా తమ్ముడికి 19 ఏళ్లు. రాజమండ్రిలో చదువుకుంటూ మోర్మన్ అనే క్రైస్తవ సంఘంలో చేరాడు. ఇప్పుడు రెండేళ్ల మిషన్‌కు, అంటే మతప్రచార సేవకు, పిలుపు వచ్చింది. ముందు శిక్షణ ఫిలిప్పీన్స్‌లోనట. మా ఇంట్లో ఎవరికీ ఈ సంఘం గురించి తెలియదు. అక్కడ పిల్లల చేత రోజంతా ఏం చేయిస్తారు? ఇంటికి ఫోను కూడా చేయనివ్వరట, నిజమేనా?"

ముందు ఫోను సంగతి చెప్పేస్తాను. మీకు నిద్ర పట్టనివ్వనిది అదే అయి ఉంటుంది. నేనూ ఇలాంటి మిషన్‌కే 2018 జనవరిలో వెళ్లాను. అప్పట్లో ఇంటికి ఫోను ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కూ మదర్స్ డేకూ. మిగతా వారాల్లో ఒక్కో ఈమెయిలు, అంతే. 2019 ఫిబ్రవరిలో ఆ నియమం మార్చారు. ఇప్పుడు వారానికొకసారి, తీరిక రోజున, ఇంటివాళ్లతో మాట్లాడవచ్చు, వీడియోలో చూసుకోవచ్చు కూడా. కాబట్టి మీరు భయపడుతున్నంత ఎడబాటు ఉండదు. ఆ మార్పు వచ్చేసరికి నా రెండేళ్లలో సగం దాటిపోయింది. తెర మీద నన్ను చూడగానే మా అమ్మ అన్న మొదటి మాట, "మెడ ఎముకలు అలా తేలాయేమిట్రా" అని.

నాది హైదరాబాదు. మా అమ్మానాన్నలు ఈ సంఘంవాళ్లే. సమోవాలో ఉద్యోగం చేస్తున్న ఎడ్విన్ ధర్మరాజు, ఆయన భార్య ఎల్సీ 1978లో హైదరాబాదు వచ్చినప్పుడు వాళ్ల సొంత బంధువులు బాప్తిస్మం తీసుకున్న కథ మా పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. కాబట్టి మీ తమ్ముడి కన్నా నాకు అలవాటు ఎక్కువ. టీ, కాఫీ తాగకపోవడం నాకు కొత్త కాదు. చుట్టాల ఇళ్లలో కప్పు వద్దన్నప్పుడల్లా "ఒంట్లో బాగాలేదా" అని అడిగించుకుంటూ పెరిగినవాణ్ణి. అయినా మనీలాలో మొదటి వారం నాకు చుక్కలు కనిపించాయి. అలవాటున్నవాడి పరిస్థితే అది కనుక, మీ తమ్ముడి విషయంలో కాస్త ఓపిక పట్టండి.

శిక్షణ కేంద్రం మనీలాను ఆనుకుని ఉన్న క్వెజాన్ సిటీలో ఉంది. ఫిలిప్పీన్స్‌లో ఈ సంఘానికి 8 లక్షలకు పైగా సభ్యులు ఉన్నారు. చుట్టుపక్కల దేశాల పిల్లలను కూడా శిక్షణకు అక్కడికే పంపుతారు. మాతో పాటు మంగోలియా, కంబోడియా పిల్లలు ఉండేవారు. ఫిలిప్పీన్స్‌లోనే పనిచేయబోయే అమెరికన్లు మాత్రం అక్కడ టాగలోగ్ నేర్చుకుంటూ ఆరు వారాల దాకా ఉండేవారు. ఇంగ్లీషు వస్తే చాలనుకున్న మాలాంటివాళ్లకు రెండు వారాలకు మించి పట్టలేదు. ఇప్పుడు మొదటి భాగం ఇంటి దగ్గరే, ఆన్‌లైన్‌లో అవుతుంది. ఆ కొద్ది రోజులూ మీ తమ్ముడు తలుపు వేసుకుని కంప్యూటర్ ముందు టై కట్టుకుని కూర్చుంటే నవ్వకండి. నన్ను మాత్రం శిక్షణ తర్వాత మళ్లీ మన దేశానికే, బెంగళూరు మిషన్‌కు పంపారు. సముద్రాలు దాటి మనీలా వెళ్లి చివరికి బెంగళూరులో తేలావా అని మా బాబాయి చాలాకాలం ఆటపట్టించాడు.

ఇక రోజు ఎలా గడుస్తుందంటే, పొద్దున ఆరున్నరకు లేవాలి. చెప్పుకోవడానికి పెద్ద కష్టం కాదు. కానీ మనీలా గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. అక్కడ ఆరున్నర అంటే మన ఒంటికి తెల్లవారుజాము నాలుగు. మొదటి మూడు రోజులు నేను ప్రార్థనకు మోకరించి మంచం మీద తల ఆనించి నిద్రపోయాను, ఎవరూ తట్టి లేపలేదు. తర్వాత వ్యాయామం, స్నానం, తెల్లచొక్కా, టై, ఛాతీ మీద నల్లటి పేరుబిళ్ల. లేఖనాలు చదువుకోవడం, మూడేసి గంటల తరగతులు, భోజనం, మళ్లీ తరగతులు, మధ్యలో ఒక గంట ఆట. అక్కడ ఆట అంటే బాస్కెట్‌బాలే. ఫిలిప్పీన్స్ పిల్లలకు అది మన క్రికెట్ లాంటిది. నేను బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ణి, వాళ్లు కడుపు పట్టుకుని నవ్వేవారు. రాత్రి పదిన్నరకు దీపాలు ఆర్పేయాలి.

పేరుబిళ్ల దగ్గర ఒక చిక్కు వచ్చింది. మిషనరీలను సొంత పేరుతో పిలవరు. అబ్బాయిలైతే ఎల్డర్, అమ్మాయిలైతే సిస్టర్ అని, దాని పక్కన ఇంటిపేరు. మన ఇంటిపేరుతో మనల్ని ఎవరు పిలుస్తారు చెప్పండి? బడిలో పిల్లల్ని తిట్టేటప్పుడు మాస్టారు, పెళ్లిలో కానుకలు చదివేటప్పుడు మైకు పట్టుకున్నాయన, అంతే. అక్కడ అందరూ పొద్దుటి నుంచి రాత్రి దాకా ఇంటిపేరుతోనే పిలుస్తుంటే వెనక మా నాన్న వచ్చి నిలబడ్డాడేమో అని తిరిగి చూసేవాణ్ణి. మీ తమ్ముడి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఏముందో ఇప్పుడే చూడండి. అక్కడ తండ్రి పేరో సొంత పేరో పడి ఉంటే రెండేళ్లూ దానితోనే బతకాలి.

ఇప్పుడు అసలు కష్టం చెబుతాను. పొద్దున్నే లేవడం కాదు, పదిసార్లు ప్రార్థన చేయడం కాదు, సినిమాలు లేకపోవడం కాదు. ఒంటరిగా ఉండే వీలు లేకపోవడం. ప్రతివాడికీ ఒక జతగాడు ఉంటాడు, కంపానియన్ అంటారు. చదివినా, తిన్నా, నడిచినా ఇద్దరూ ఒకరి కంటికి ఒకరు కనబడుతూనే ఉండాలి. అతనికి నీళ్లు తాగాలనిపిస్తే నేను లేవాలి. నేను పుస్తకం మరిచిపోయి వస్తే అతనూ వెనక్కి నడవాలి. మనం ఉమ్మడి కుటుంబాల వాళ్లం, ఒక గదిలో ఆరుగురం పడుకున్నవాళ్లం, ఇదొక లెక్కా అనుకున్నాను. లెక్కే. ఇంట్లో జనం మధ్య ఉన్నా మన మీద ఎవరి కన్నూ ఉండదు. అక్కడ ఒక జత కళ్లు మన మీదే ఉంటాయి.

నా జతగాడు కోయంబత్తూరు అబ్బాయి. నాకు తమిళం రాదు, అతనికి తెలుగు రాదు. ఇద్దరం ఇంగ్లీషులోనే పోట్లాడుకునేవాళ్లం. పరాయి భాషలో పోట్లాటకు పదును ఉండదు, అదొక మేలు. అతను స్నానానికి వెళితే బకెట్టు నిండే దాకా ఒక పాట, ఖాళీ అయ్యే దాకా ఇంకో పాట. నాలుగో రోజుకు ఆ గొంతు వింటేనే పళ్లు కొరుక్కునేవాణ్ణి. కానీ మేమిద్దరం మొదటిసారి కలిసి నవ్వింది కూడా ఆ రోజే. వడ్డించే ఆమె పళ్లెం చేతికిచ్చి "సలామత్ పో" అంది. టాగలోగ్‌లో సలామత్ అంటే ధన్యవాదాలు, పో అంటే మన "అండీ" లాంటి గౌరవవాచకం. తెలుగులోనేమో పో అంటే పొమ్మనడం, తమిళంలోనూ అంతే. ఇంత మర్యాదగా పొమ్మనేవాళ్లను మా జన్మలో చూడలేదు. ఆ తర్వాత రెండేళ్లూ, వేర్వేరు ఊళ్లలో పనిచేస్తున్నప్పుడు కూడా, మా ఈమెయిళ్ల చివర "పో" ఉండేది.

ఏకాంతం దొరికేది స్నానాలగదిలో ఒక్కచోటే. ఎవరైనా లోపల మరీ ఎక్కువసేపు ఉండిపోతే, కుళాయి ధారగా పోతూనే ఉంటే, బయటివాళ్లకు అర్థమయ్యేది. తలుపు తట్టేవారు కాదు. బయటికి వచ్చాక కళ్ల వంక చూసేవారు కాదు. పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల మగపిల్లలు ఆ మర్యాద ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నారు. నా వంతు రెండో రాత్రే వచ్చింది.

తరగతుల్లో పాఠం చెప్పేవాళ్లు కూడా ఒకప్పుడు మిషన్ చేసి వచ్చినవాళ్లే, మనకన్నా నాలుగైదేళ్లు పెద్ద. వాళ్లు చేయించే పనుల్లో నాకు బాగా గుర్తుండిపోయింది నటన. మా మాస్టారు బయటికి వెళ్లి, పేరుబిళ్ల తీసేసి, ట్రైసికిల్ తోలే మనిషిగా లోపలికి వస్తాడు. అది అక్కడి ఆటో అనుకోండి, బైకుకు పక్కన బండి తగిలించి ఉంటుంది. ఆయన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటాడు, మేమిద్దరం ఆయనకు మొదటి పాఠం చెప్పాలి. 1820లో పద్నాలుగేళ్ల జోసెఫ్ స్మిత్, అంటే తర్వాత మా సంఘాన్ని స్థాపించినాయన, అడవిలో ప్రార్థించిన కథ అది. రాత్రంతా కంఠతా పట్టాం. ఆయన కూర్చోగానే, "పాపకు మూడు రోజుల నుంచి జ్వరం, నిద్ర లేదు" అన్నాడు. నేను "అయ్యో, పాపం" అని, పుస్తకం తెరిచి 1820లోకి వెళ్లిపోయాను. పన్నెండు నిమిషాలు తడబడకుండా చెప్పాను. నా జతగాడు తన వంతు చెప్పాడు. అదరగొట్టేశాం అనుకున్నాం. ఆయన లేచి వెళ్లి, బిళ్ల పెట్టుకుని మళ్లీ మాస్టారుగా వచ్చి ఒకటే అడిగాడు. "జ్వరం ఎవరికి?" నేను "బాబుకు" అన్నాను. నా జతగాడు "భార్యకు" అన్నాడు.

మా అమ్మ ఆ కుర్చీలో ఉంటే ముందు "డాక్టరుకు చూపించారా, ఏమైనా తింటోందా" అని అడిగేది. మర్నాడు ఆయన మళ్లీ ట్రైసికిల్ మనిషిగా వచ్చినప్పుడు నేను అదే అడిగాను. ఆయన ఆ పాప గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. పుస్తకం తెరవనే లేదు. ఆ మనిషి కల్పితం కాడని, తను మిషన్‌లో ఉన్నప్పుడు కలిసినవాడేనని చివరి రోజున చెప్పాడు.

తిండికి లోటు ఉండదు. మూడు పూటలా అన్నం, పొద్దున కూడా వెల్లుల్లి వేసి వేయించిన అన్నమే. కారం మాత్రం మరిచిపోవాలి. వాళ్ల అడోబో అంటే సిర్కా, సోయా పోసి వండిన మాంసం, అది నాకు ఎక్కలేదు. కానీ సినిగాంగ్ అనే పులుసు ఉంది, చింతపండుతో చేస్తారు. అది నోట్లో పెట్టుకున్న రోజు ఇల్లు గుర్తొచ్చి మూడుసార్లు పోయించుకున్నాను.

కేంద్రానికి ఎదురుగా, రోడ్డు దాటితే, మనీలా దేవాలయం. 1984లో ప్రతిష్ఠ చేశారు. మీకు మందిరం, దేవాలయం రెండూ ఒకటే అనిపించవచ్చు. మాకు తేడా ఉంది. ఆదివారం ఆరాధన మందిరాలు చాలా ఊళ్లలో ఉంటాయి, దేవాలయం మాత్రం నేను వెళ్లేనాటికి భారతదేశంలో ఒక్కటీ లేదు. మనవాళ్లు అప్పు చేసి, ఏళ్ల తరబడి చీటీలు కట్టి కుటుంబాలతో మనీలాకో హాంకాంగ్‌కో వెళ్లేవారు. మా అమ్మానాన్నలు అప్పటికి వెళ్లలేకపోయారు. తెల్లబట్టలు వేసుకుని లోపలికి అడుగుపెట్టినప్పుడు నాకు దేవుడి కన్నా ముందు వాళ్లు గుర్తొచ్చారు, దాచడం ఎందుకు. ఆ ఏప్రిల్‌లో బెంగళూరుకు దేవాలయం ప్రకటించినప్పుడు నేను ఆ ఊళ్లోనే ఉన్నాను. మనకు అప్పుడు అర్ధరాత్రి దాటింది. తెల్లవారి లేచేసరికి వార్త తెలిసి జతగాళ్లం ఇద్దరం ఇల్లు ఎగిరిపోయేలా అరిచాం.

వారానికొక రోజు తీరిక. బట్టలు ఉతుక్కోవడం, జుట్టు కత్తిరించుకోవడం, ఇంటికి రాయడం. కంప్యూటర్లలో తెలుగు టైపు చేయడం నాకు రాక, తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాణ్ణి. చెల్లెలు అమ్మకు చదివి వినిపించేది. నేను రాసినదానికన్నా అది చదివింది ఎక్కువ ఉండేదని తర్వాత తెలిసింది. "అన్నయ్య రోజూ బాగా తింటున్నాడట" అని ప్రతి ఉత్తరంలోనూ సొంతంగా ఒక వాక్యం చేర్చేదట.

డబ్బు గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. జీతం ఉండదు. ఇంటివాళ్లు ఇవ్వగలిగినంత ఇస్తారు, మిగతాది సంఘం నిధి నుంచి వస్తుంది. ఇక "మోర్మన్" అనే పేరు ఇప్పుడు సంఘంలో వాడటం లేదు. యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘం అని పూర్తిగా అనమంటారు. మీ తమ్ముడు ఒకటికి రెండుసార్లు సరిదిద్దితే అందుకే.

మీరు అడగని ఇంకో మాట. వెళ్లినవాడు వెనక్కి రావచ్చు, ఎవరూ కట్టేయరు. మా బృందంలో ఒకడు అయిదో రోజున వెళ్లిపోయాడు. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి అతని మంచం మీద దుప్పటి మడతపెట్టి ఉంది. అలా మధ్యలో వచ్చేసినవాళ్లను మావాళ్లు, అంటే సంఘంవాళ్లే, ఏదో తప్పు చేసినట్టు చూస్తారు. అది నాకు ఎప్పుడూ నచ్చలేదు. ఒకవేళ మీ తమ్ముడు అలా వస్తే మీ ఇంట్లో మాత్రం ఎందుకు వచ్చావని అడగకండి, అన్నం పెట్టండి. వెళ్లేటప్పుడు ఈ మాట అతని చెవిన వేసి పంపితే, చిత్రం ఏమిటంటే, ఉండిపోయే అవకాశమే ఎక్కువ.

పెట్టె సర్దేటప్పుడు ఆవకాయ పెట్టకండి. మా అమ్మ మూడు కవర్లు చుట్టి పెట్టింది, అయినా దారిలో సీసా మూత వదులై నూనె మొత్తం నా తెల్లచొక్కాల మీదికి దిగింది. పెట్టె తెరవగానే మా కోయంబత్తూరు అబ్బాయి చూసి, పాపాలు రక్తంలా ఎర్రగా ఉన్నా మంచులా తెల్లబడతాయని యెషయా గ్రంథంలోని వచనం అప్పచెప్పాడు. తెల్లబడలేదు. నాలుగు చొక్కాలు రెండేళ్లూ కోటు కిందే వేసుకున్నాను. కందిపొడి, కరివేపాకు పొడి పెట్టండి. డబ్బా మీద పేరు పెద్దగా రాయండి, లేకపోతే మంగోలియా పిల్లలు మొదటి వారంలోనే ఖాళీ చేస్తారు.