ఆడిటర్ మధ్యలో తప్పుకుంటే ఏమనుకోవాలి?

ప్రశ్న: మా అబ్బాయి శాన్‌హోసేలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అక్కడి సర్వర్ల కంపెనీ సూపర్ మైక్రో షేర్లు కొన్నాడు. 2024లో దాని ఆడిటర్లు తప్పుకున్నారనీ, సరుకు బాగా పేరుకుపోయిందనీ చదివినప్పటి నుంచి నాకు టెన్షన్. వాడేమో "అమ్మకాలు రెట్టింపయ్యాయి, భయం దేనికి నాన్నా" అంటాడు. సత్యం రోజులు చూసినవాణ్ని కదా, ఇదీ అలాంటిదేనా?
- ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: మీ భయం అనవసరమని నేను అనను. కానీ దీన్ని సత్యంతో కలపకండి. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు రాసిన ఉత్తరంలో, లెక్కల్లో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవని ఒప్పుకున్నారు. సూపర్ మైక్రో విషయంలో, కంపెనీ వేసిన ప్రత్యేక కమిటీ మోసానికి ఆధారాలు దొరకలేదని 2024 డిసెంబరులో చెప్పింది. అయితే సీఎఫ్ఓను, అంటే ఆర్థిక వ్యవహారాలు చూసే ముఖ్య అధికారిని, మార్చమని కూడా చెప్పింది, అది మరిచిపోవద్దు.

ఇక మీ అబ్బాయి మాట. 2024 జూన్‌తో ముగిసిన ఏడాదిలో అమ్మకాలు 712 కోట్ల డాలర్ల నుంచి దాదాపు 1,500 కోట్లకు పెరిగిన మాట నిజమే. అదే ఏడాదిలో సరుకు నిల్వ సుమారు 145 కోట్ల నుంచి 430 కోట్ల డాలర్లు దాటింది, అంటే అమ్మకాలు రెండింతలైతే సరుకు మూడింతలైంది. కాగితం మీద 115 కోట్లకు పైగా లాభం ఉంటే, వ్యాపారం నుంచి నగదు మాత్రం దాదాపు 250 కోట్లు బయటికి పోయింది. వేగంగా పెరిగే కంపెనీకి ఇలా జరగడం తప్పేమీ కాదు, ముందు సర్వర్లలో పెట్టే చిప్స్ కొనాలి, డబ్బు తర్వాత వస్తుంది. కానీ సరుకు విలువ ఎంత అన్నది చాలావరకు యాజమాన్యం వేసే అంచనా. పండక్కి తెచ్చిన చీరలు మిగిలిపోతే, వాటిని ఎంతకు అమ్మగలమో అంత తక్కువకు లెక్క రాసుకోవాలి. అలా రాయకుండా కొన్న ధరకే ఉంచితే ఆ ఏడాది లాభం ఎక్కువగా కనిపిస్తుంది. కొత్త చిప్ వచ్చాక పాత చిప్ పెట్టిన సర్వర్ సంగతీ అంతే.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది వీళ్ల పాత చరిత్ర. వార్షిక నివేదికలు సమయానికి ఇవ్వలేక 2018లో అమెరికా స్టాక్ ఎక్స్ఛేంజ్ నాస్‌డాక్ నుంచి తొలగిపోయారు, 2020లో మళ్లీ వచ్చారు. అదే ఏడాది అమెరికా సెక్యూరిటీస్ ఎక్స్ఛేంజ్ కమిషన్‌తో 1.75 కోట్ల డాలర్ల జరిమానాకు రాజీపడ్డారు. ఆరోపణ ఏమిటంటే, గోదాముకు పంపి ఇంకా కొన్నవాళ్లకు చేరని సరుకునూ, వాళ్లు పంపమని చెప్పకముందే పంపేసిన సరుకునూ అమ్మకాలుగా రాసేశారని. ఇలాంటి గతం ఉన్న కంపెనీ 2024 ఆగస్టులో, కంపెనీల లెక్కల్లో లొసుగులు బయటపెట్టే హిండెన్‌బర్గ్ సంస్థ దీని మీద నివేదిక ఇచ్చిన మర్నాడే, వార్షిక నివేదిక ఆలస్యమవుతుందని ప్రకటిస్తే మదుపరులు కంగారు పడరా? అక్టోబరులో దాని ఆడిటర్ ఎర్నెస్ట్ అండ్ యంగ్, యాజమాన్యం తయారుచేసిన లెక్కలకు తమ పేరు జతచేయలేమని వెళ్లిపోయింది. ఆ వార్త బయటికొచ్చిన రోజు షేరు దాదాపు మూడో వంతు పడింది. ఆడిటర్ ఫీజు గొడవతోనో గడువు ముగిసో మారడం వేరు, ఇలా చెప్పి వెళ్లడం వేరండీ.

తర్వాత కొత్త ఆడిటర్‌గా బీడీఓ అనే సంస్థ వచ్చింది, 2025 ఫిబ్రవరిలో ఆ వార్షిక నివేదిక దాఖలైంది. లెక్కలు సరిగానే ఉన్నాయని బీడీఓ అంది, కానీ లెక్కల మీద కంపెనీ లోపలి నియంత్రణ సరిగా లేదంది. మీ అబ్బాయి ఈ రెండో ముక్క చదివాడో లేదో అడగండి.

ప్రతి మూడు నెలల నివేదికలో అమ్మకాల కన్నా ముందు సరుకు నిల్వ, నగదు ప్రవాహం చూడమనండి. వాడి జీతం కూడా ఆ ఊళ్లోని టెక్ కంపెనీ నుంచే వస్తోంది, దాచుకున్న డబ్బులో పెద్ద భాగం కూడా ఈ ఒక్క షేరులోనే ఉంటే రెండూ ఒకేసారి దెబ్బతినొచ్చు. అలా ఉంటే కొంత అమ్మి తగ్గించుకోమని గట్టిగా చెప్పండి. మొత్తం అమ్మేయమని మాత్రం నేను అనను.