కాకిని కూడా రాయి

చిరంజీవి మేనకోడలికి, టెక్కలి నుంచి మామయ్య ఆశీర్వదించి రాస్తున్నది.

పక్షులను గమనించి ఫోనులో నమోదు చేయడం మొదలుపెట్టాలని ఉందని, అందుకు ఏ కెమెరా కొనాలో చెప్పమని అడిగావు. కెమెరా సంగతి ఇప్పటికి పక్కన పెట్టమ్మా. ఫోటో చూసినవాళ్లు ఆనందిస్తారు గాని, పక్షికి మేలు చేసేది నీవు క్రమం తప్పకుండా రాసే జాబితా.

నీవు రోజూ ఉదయం పరుగు సాధనకు వెళ్లే శ్రీకాకుళం కోడి రామమూర్తి మైదానమే ఇందుకు తగిన చోటు. సాధన ముగిశాక ఒకచోట నిలబడి, 15 నిమిషాలపాటు కనిపించిన, వినిపించిన పక్షులన్నింటినీ జాతివారీగా లెక్కపెట్టి, అప్పటికప్పుడే పక్షుల జాబితాలు నమోదు చేసే ఈబర్డ్ యాప్‌లో రాసుకో. పరిగెత్తుతూ లెక్కపెట్టకు, రెండు పనులూ చెడతాయి. రోజూ అదే చోటు, ఇంచుమించు అదే వేళ అయితే ఈ ఏటి లెక్కను వచ్చే ఏటి లెక్కతో పోల్చడానికి వీలుంటుంది.

జాబితా పంపేటప్పుడు, గుర్తుపట్టగలిగిన పక్షులన్నింటినీ రాశావా అని యాప్ అడుగుతుంది. అవునని చెప్పాలంటే కాకినీ గోరింకనూ కూడా రాసి ఉండాలి. కొత్తవాళ్లు తేలికగా తీసుకునేది ఇక్కడే. కాకిని రాయడమేమిటని వదిలేసి, అరుదైన పిట్ట కనిపించిన రోజు మాత్రమే జాబితా పంపుతారు. సంపూర్ణమైన జాబితాలో ఒక పక్షి పేరు లేకపోతే, ఆ వేళకు ఆ చోట అది కంటపడలేదని శాస్త్రజ్ఞులు లెక్కవేసుకోగలరు. అసంపూర్ణమైన జాబితాలో పేరు లేకపోతే అది నిజంగా కనిపించలేదో, నీవు రాయలేదో వాళ్లకు తెలిసే దారి లేదు.

పాలపిట్టనే చూడు. దసరానాడు దాని దర్శనం శుభమని మన పెద్దలు పొలాల వెంట వెతికేవారు. మడి గట్ల మీది కరెంటు తీగలపై కూర్చునే ఆ పక్షి తగ్గిపోతోందని ఏ ఒక్కరో అంటే, నీకు కనపడలేదేమో అనేస్తారు. 2023లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక మాత్రం, సుమారు 30,000 మంది పరిశీలకులు పంపిన దాదాపు 3 కోట్ల నమోదుల ఆధారంగా 942 జాతులను పరిశీలించి, పాలపిట్ట తగ్గుతోందని చెప్పగలిగింది. అది కనిపించిన రోజులతోపాటు కనిపించని రోజులనూ రాసినవాళ్లు ఉండబట్టే ఆ మాట అనగలిగారు. ఈ పనిలో నాకు అన్నింటికంటే గొప్పగా తోచేది ఇదే.

మెర్లిన్ యాప్ కూత విని పిట్ట పేరు చెబుతుంది. నేర్చుకోవడానికి మంచి తోడే, అయితే దాని మాటను నీ కంటితోనో చెవితోనో ఖాయం చేసుకున్నాకే రాయి. ఒక పక్షిని మరో పక్షిగా రాయడం కంటే తెలియలేదని వదిలేయడం నయం.

సెలవులకు వస్తే మా టెక్కలి దగ్గరి పక్షుల విడిది తేలినీలాపురం వెళ్దాం. అక్కడి గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ సైబీరియా నుంచి వస్తాయని చాలామంది చెబుతారు, నీవూ వినే ఉంటావు. నిజానికి ఈ రెండూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా ప్రాంతాల పక్షులే. ఇక్కడి చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లలను పెంచుకోవడానికి చేరతాయి. సైబీరియా ఉత్తరాన గుడ్లు పెట్టి శీతాకాలంలో మన దేశపు తీరాలకు దిగే పక్షులు వేరే ఉన్నాయి. అవి బురదలో పురుగులు ఏరుకు తినే చిన్న చిన్న ఉల్లంకుల వంటివి, వాటిని చూడడానికి ఎవరూ బస్సులు కట్టుకుని రారు. దూరదేశపు అతిథులని ఆదరించడం మంచిదే గాని, ఈ నేల మీదే పుట్టే పక్షులని తెలిసినప్పుడు మన బాధ్యత పెరుగుతుంది. గూడు నిలిచే చెట్టునూ, చేపలు దొరికే చెరువునూ కాపాడవలసింది మనమే కదా.

గూటి ఫోటోను అది ఉన్న చోటు గుర్తుతో సహా ఇన్‌స్టాగ్రామ్‌లో ఎన్నడూ పెట్టకు. మర్నాటి నుంచి ఆ చెట్టు కింద జనం చేరతారు. తల్లి బెదిరి లేచిపోతే గుడ్లు ఎండకు పాడవుతాయి, పిల్లలను కాకులు ఎత్తుకుపోతాయి. పిట్టను బయటికి రప్పించడానికి ఫోనులో దాని కూతను వినిపించడమూ తప్పే, ఎందుకంటే తన చోటులోకి పరాయి పక్షి వచ్చిందనుకుని అది మేతనూ గూటినీ వదిలి వస్తుంది. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో రాత్రివేళ సముద్రతీరానికి వెళితే ఫోను లైటు వేయవద్దు. గుడ్డులోంచి వచ్చిన పిల్లలు ఆ వెలుగు వైపు మళ్లి సముద్రానికి దారి తప్పుతాయి.

డబ్బు కూడినప్పుడు కెమెరా కంటే ముందు 8×42 రకం బైనాక్యులర్ కొనుక్కో. ఎనిమిది రెట్లు పెద్దగా చూపుతుంది, 42 మిల్లీమీటర్ల ముందు అద్దం వల్ల తెల్లవారుజామున కూడా బొమ్మ వెలుతురుగా ఉంటుంది. ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు ప్రపంచమంతటా పెరటి పక్షుల లెక్కింపు జరుగుతుంది. ఆ నాటికి మీ మైదానపు పక్షులు నీకు పేరుపేరునా తెలిసి ఉండాలి. మొదటి వారం జాబితాలు నాకు పంపు, అనుమానం ఉన్న పేర్లను ఇద్దరం కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
మామయ్య