ఫిలిప్ బంగారు స్టేటర్లు: 24 అచ్చుల లెక్క ఎందుకు తక్కువ వస్తోంది

ప్రాచీన మాసిడోనియా రాజు రెండవ ఫిలిప్ పేరిట ఉన్న స్టేటర్లు (గ్రీకు నాణేలు) ఎన్ని కొట్టారో లెక్కించడానికి, మీరు చూసిన 60 నాణేల్లో గుర్తించిన 24 బొమ్మవైపు అచ్చులనే (నాణెంపై బొమ్మ కొట్టే దిమ్మెలు) టంకశాల వాడిన మొత్తం అచ్చులుగా తీసుకుని అచ్చుకు 20,000 నాణేల చొప్పున గుణించారు. ఒక్క నాణెమైనా మన కంటపడని అచ్చులు ఆ 24లో లేవు.

1. కంటపడని అచ్చులనూ కలిపి అంచనా వేయడానికి, చూసిన నాణేల సంఖ్యను అచ్చుల సంఖ్యతో గుణించి, ఆ రెండింటి తేడాతో భాగించండి: 60 × 24 ÷ 36 = 40 అచ్చులు.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇది: రెండుసార్లు లెక్కలోకి వచ్చిన నాణేలను తీసేయడం. ఒకే నాణెం వేర్వేరు వేలం జాబితాల్లో, ఒక్కోసారి దశాబ్దాల తేడాతో, మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. బొమ్మవైపు ఉన్న గ్రీకు దేవుడు అపోలో తలపై జుట్టు పాయలు, ఆకుల దండ ఆ అచ్చుతో కొట్టిన నాణేలన్నింటిపైనా ఒకేలా ఉంటాయి కాబట్టి ఒకే నాణెమో కాదో వాటిని బట్టి తేల్చలేరు. అంచు వంపు, అంచుపై చీలిక, ముక్కు కొనకూ అంచుకూ మధ్య మిగిలిన ఖాళీ, గ్రాములో నూరోవంతు వరకు బరువు పోల్చండి. ఇవన్నీ కలిస్తే అది ఒకే నాణెం. అలా 6 పునరావృతాలు తేలితే 54 × 24 ÷ 30, అంటే సుమారు 43 అచ్చులు.

3. బొరుసు అచ్చులను ఈ లెక్కలో కలపకండి. సుత్తి దెబ్బ నేరుగా తినేది అదే కనుక త్వరగా పాడవుతుంది.

4. అచ్చుకు 20,000 అన్నది ఊహ మాత్రమే. డెల్ఫీ ఆలయ లెక్కల ఆధారంగా ఆంఫిక్టియోనిక్ (ఆ ఆలయాన్ని నిర్వహించిన గ్రీకు కూటమి) వెండి స్టేటర్లకు కట్టిన అంచనాలే 23,333 నుంచి 47,250 వరకు ఉన్నాయి. కాబట్టి అచ్చుల సంఖ్యనే ఫలితంగా ఇచ్చి, నాణేల సంఖ్యను 10,000, 20,000, 30,000 చొప్పున మూడు వరుసలుగా పక్కన చూపండి.