బండి ముఖానికి అట్ట కట్టే ముందు

కావలి

చిరంజీవి చిన్నబాబుకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు అమెరికాలో, మిన్నెసోటాలో పాత పికప్పు ట్రక్కు కొన్నావని, చలికాలంలో అది పెట్రోలు మరీ ఎక్కువ తాగుతోందని, ముందున్న గ్రిల్లుకు, అంటే గాలి దూరే జాలీకి, అట్ట కట్టబోతున్నావని మొన్న రాత్రి మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా తర్వాత మన ఇంట్లో బానెట్ ఎత్తి చూసేవాడు ఒకడు ఉన్నాడని ఎంతో సంతోషం కలిగింది. అట్ట మాట గుర్తుకొస్తే మాత్రం గుండె దడదడలాడింది. గూడూరు నిమ్మకాయలు ఢిల్లీకి 27 ఏళ్లు తోలినవాణ్ని. ఇంజిను నీళ్లను చల్లబరిచే రేడియేటరు ముందు అడ్డం కట్టడమంటే ఏమిటో నాకు తెలుసు.

నీ ఆలోచన తప్పు కాదు. బండి పరుగెత్తేటప్పుడు గ్రిల్లులో దూరిన గాలి రేడియేటరుకు, ఇంజినుకు తగిలి బండిని వెనక్కి లాగుతుంది. ఆ దారి మూస్తే గాలి పక్కలకు జారిపోతుంది, ఇంజిను కూడా తొందరగా వేడెక్కుతుంది. ఇప్పుడు కొన్ని పికప్పులకు కంపెనీవాళ్లే గ్రిల్లు వెనక రెక్కలు పెడుతున్నారు. అవసరాన్నిబట్టి అవే మూసుకుంటాయి, అవే తెరుచుకుంటాయి. నీ బండికి అవి ఉంటే అట్ట జోలికే పోవద్దు.

లేకపోతే ముందు థర్మోస్టాట్ చూపించు. నీళ్లు ఎనభై, తొంభై డిగ్రీలకు చేరేదాకా వాటిని రేడియేటరులోకి పోనివ్వకుండా ఆపేది అదే. అది తెరుచుకునే ఉండిపోతే ఇంజిను సరిగా వేడెక్కదు, పెట్రోలు తాగుతూనే ఉంటుంది. అట్ట దానికి అసలు మందు కాదు. మా రోజుల్లో నెల్లూరు ఎండలకు భయపడి మెకానిక్కులు లారీల థర్మోస్టాట్ పీకి అవతల పడేసేవాళ్లు. ఇక్కడ బాగానే ఉండేది. ఉత్తరాదికి వెళ్లేసరికి ఇంజిను వేడెక్కేది కాదు. అందుకే మేము గోతాలు కట్టుకున్నాం. పీకేసిన పరికరం చేయవలసిన పనిని గోనెగుడ్డతో చేయించామన్నమాట. ఆ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత గాని అర్థం కాలేదు.

1989 జనవరి. ఢిల్లీలో నిమ్మకాయలు దించి, ఆగ్రాలో బంగాళాదుంపలు ఎత్తుకుని తిరిగొస్తున్నాం. గ్వాలియర్ దాటుతుంటే పొగమంచు, పది గజాల ముందు ఏముందో కనబడదు. బండి లాగడం లేదు, వెనక తెల్లపొగ. ఖాళీ నిమ్మకాయల గోతం ఒకటి మడిచి రేడియేటరు ముందు పురికొసతో బిగించి కట్టాను. అరగంటలో వేడి సూది పైకొచ్చింది, బండి హాయిగా లాగింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఝాన్సీ దాటాం. సాగర్ దాటాం. తెల్లవారింది, ఎండ ఎక్కింది, గోతం సంగతి మరచిపోయాను.

నర్మద వంతెన దాటాక లఖ్నాదోన్ వైపు ఎక్కుడు ఉంటుంది. నిండు లోడు, రెండో గేరు. రాత్రంతా మేలుకున్న కళ్లు రోడ్డునే చూశాయి, సూదిని చూడలేదు. ముందు ఉడికిన గోనె వాసన వచ్చింది, అందులో నిమ్మ వాసన కూడా ఉంది. ఆ తర్వాత బానెట్ అంచుల నుంచి ఆవిరి.

బండి పక్కకు తీశాను. క్లీనరు కుర్రాడికి పదహారేళ్లు, మన కావలి పక్క ఊరివాడే. "మూత తీసి నీళ్లు పొయ్యరా" అన్నది నేనే. గోతం విప్పడానికి కూడా ఆగలేదు. వాడు చేతికి తుండుగుడ్డ చుట్టుకుని మూత తిప్పాడు. బిగించి ఉన్న రేడియేటరులో నీళ్లు నూరు డిగ్రీలు దాటినా మరగవు నాయనా, లోపలి ఒత్తిడి వాటిని పట్టి ఉంచుతుంది. మూత కదలగానే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా మరిగి పైకి లేచాయి. మణికట్టు నుంచి భుజం దాకా, మెడ మీద కూడా. వాడి కేక నాకు ఇప్పటికీ వినబడుతుంది. ఎదురొచ్చిన జీపులో ఎక్కించుకుని దగ్గరి ఊరి ఆసుపత్రికి తీసుకుపోయాను. ఆ దారంతా వాడు నన్ను ఒక్క మాట అనలేదు. "అన్నా, లోడు" అన్నాడు, అంతే.

ఇంజిను హెడ్డు వంగింది, గ్యాస్కెట్ పోయింది, బండి నాలుగు రోజులు రోడ్డు పక్కనే ఉంది. వాటికి డబ్బు కట్టాను, తీరిపోయింది. ఆ కుర్రాడు ఇప్పుడు కావలిలో టీ కొట్టు నడుపుతున్నాడు. మే నెల ఎండలో కూడా పొడుగు చేతుల చొక్కానే. నేను వెళితే డబ్బు తీసుకోడు. అది నాకు ఇంకా బాధ.

అందుకని చెబుతున్నాను, కోప్పడుతున్నాననుకో, ఫరవాలేదు. ఇంజిను పొగలు కక్కినా సరే, వేడి మీద మూత ముట్టుకోవద్దు. బండి ఆపు, ఇంజిను ఆపు, దూరంగా నిలబడు. గంట పట్టనీ, రెండు గంటలు పట్టనీ. మైనస్ 20 డిగ్రీల చలిలో ఎలా నిలబడతావని అడుగుతావు. అందుకే బండిలో దుప్పటి, రొట్టెముక్కలు పెట్టుకో.

ఇక అట్ట కట్టే పని. మొత్తం మూయకు, మధ్యలో చోటు వదులు. కాగితపు అట్ట వద్దు, తడిసి జారిపోతుంది. ప్లాస్టిక్ రేకు మంచిది. బయటి వైపు కట్టు, ఫ్యాను దగ్గరకు ఏదీ పోకూడదు. గేర్ల నూనె చల్లబరిచే చిన్న రేడియేటరు కూడా ముందే ఉంటుంది. ఇంజినులోకి గాలిని ఒత్తి పంపే టర్బో ఉంటే దాని గాలిని చల్లబరిచేదీ అక్కడే. ఆ రెండింటినీ మూయకు. వెనక ట్రైలరు తగిలించుకున్న రోజు అట్ట ఉండనే కూడదు. డ్యాష్‌బోర్డు మీది సూదిని పూర్తిగా నమ్మకు, ఈ కాలపు బండ్లలో అది చాలాసేపు మధ్యలోనే నిలబడి ఉంటుంది. అసలు డిగ్రీలు చూపించే చిన్న పరికరం దొరుకుతుంది, అది కొనుక్కో.

మైలేజి లెక్కలు ట్యాంకుకు ట్యాంకుకు పుస్తకంలో రాసుకో. ఎక్కువ ఆశపడకు. ఊళ్లో తిరిగే పెట్రోలు కారుకు 25 డిగ్రీల వాతావరణంలో వచ్చే మైలేజి మైనస్ 7 డిగ్రీల్లో సుమారు 15 శాతం తగ్గుతుందని మీ అమెరికా ప్రభుత్వమే చెబుతోంది. దానికి గ్రిల్లు ఒక్కటే కారణం కాదు. చల్లని గాలి చిక్కగా ఉంటుంది, నూనెలు బిగుసుకుంటాయి. ప్రతి 5, 6 డిగ్రీలకు టైరులో ఒక పౌండు గాలి తగ్గుతుంది. టైర్లలో గాలి చూసుకోవడానికి పైసా ఖర్చు లేదు, ముందు ఆ పని చెయ్యి. పొద్దున్నే గ్యారేజీ తలుపు మూసి ఇంజిను మాత్రం ఆడించకు. పొగలోని విషవాయువుకు వాసన ఉండదు, తెలియకుండానే మనిషి పోతాడు.

నర్మద దగ్గర అలా జరిగాక, గోతం కట్టిన ప్రతిసారీ స్టీరింగుకు ఎర్రగుడ్డ పీలిక ఒకటి కట్టేవాణ్ని. అది చేతికి తగులుతుంటే గోతం గుర్తుండేది. మళ్లీ ఎప్పుడూ మరచిపోలేదు. మీ పెద్దమ్మ నీకు నిమ్మకాయ పచ్చడి పంపుతోంది. డబ్బాకు చుట్టిన ఎర్రగుడ్డ పారెయ్యకు, అది ఆవిడ పాత చీర అంచు. అట్ట కట్టిన రోజు దాన్ని స్టీరింగుకు కట్టు, అట్ట తీసిన రోజు విప్పు. ముందునుంచి బండి ఫోటో ఒకటి, స్టీరింగు ఫోటో ఒకటి పంపు. రెండూ చూస్తే గాని నాకు నిద్ర పట్టదు.

నీ పెదనాన్న