అన్న ఖాతాకు పంపే డబ్బు, అడగడం మానేసిన భార్య

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లా. షార్జాలో షట్టరింగ్ కార్పెంటర్‌గా పనిచేస్తున్నాను. పెళ్లై పదేళ్లు. రెండేళ్లకోసారి ఛుట్టీ మీద ఇంటికి వస్తాను. వచ్చే ఏప్రిల్‌లో రావాలి. కానీ ఈసారి రావద్దని, లీవ్ జీతం, టికెట్ డబ్బులు కలిపి పంపితే పైఅంతస్తుకు స్లాబ్ పడుతుందని అన్న అంటున్నాడు. నాకూ అదే మంచిదనిపిస్తోంది. పోయినసారి వచ్చినప్పుడు నా కూతురు నా దగ్గరికి రాలేదు. వచ్చిన రోజే "మళ్ల ఎప్పుడు పోతవ్?" అని అడిగింది. ఇప్పుడు దానికి ఎనిమిదేళ్లు. నా భార్య కూడా ముభావంగా ఉంటోంది. ఫోన్ చేస్తే పిల్ల చేతికిచ్చి వంటింట్లోకి వెళ్లిపోతుంది. మొన్న పిల్ల స్కూలు ఫీజు నాతో ఒక్క మాట చెప్పకుండా బీడీలు చేసిన డబ్బుతో కట్టేసింది. నెలనెలా అన్న ఖాతాకు డబ్బు వేస్తూనే ఉన్నాను. ఆమెకేం లోటు? నన్ను పరాయివాణ్ని చేసినట్టు అనిపిస్తోంది. నేను రావాలా, డబ్బు పంపాలా?

జవాబు: రండి. టికెట్ గురించి ఇంతకంటే ఆలోచించాల్సింది లేదు. స్లాబ్ వచ్చే ఏడు పడుతుంది, ఆ పైఏడు పడుతుంది. ఈసారి మానుకుంటే మీరు మళ్లీ వచ్చేనాటికి మీ కూతురికి పదేళ్లు దాటతాయి.

సెలవు మీకు ఎవరో దయతలిచి ఇచ్చేది కాదని కూడా గుర్తు పెట్టుకోండి. యూఏఈ కార్మిక చట్టం ప్రకారం ఏడాది సర్వీసు నిండితే ఏటా 30 రోజుల సెలవు, జీతంతో సహా, మీ హక్కు. జూన్, జులై ఎండల్లో ఇనుము పట్టుకుంటే చేతులు కాలే చోట పనిచేసేవాళ్లు మీరు. ఆ ఎండకు భయపడే అక్కడి ప్రభుత్వం జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు బయట పని చేయించొద్దని నియమం పెట్టింది. అలాంటి ఒంటికి విశ్రాంతి కావాలి. దాన్ని కూడా అమ్మి సిమెంటు కొనమని మీ అన్న ఎలా అనగలిగాడో, మీరు ఎలా సరేననుకున్నారో నాకు అర్థం కాలేదు.

ఇక అసలు సంగతి. మీరు కూతురి గురించి, ఇంటి గురించి చాలా రాశారు. నన్ను పట్టి ఆపింది మాత్రం ఆ స్కూలు ఫీజు. మీ భార్య మిమ్మల్ని పరాయివాణ్ని చేసిందని మీకు అనిపించింది. అంతకు చాలా ముందే మీరు ఆమెను ఆ ఇంట్లో పరాయిదాన్ని చేశారని నాకు అనిపిస్తోంది.

ఒక్కసారి ఆమె వైపు నుంచి చూడండి. పిల్ల ఫీజు కట్టాలి. డబ్బు బావ దగ్గర ఉంది. బావను నేరుగా అడిగే వీల్లేదు, మన ఇళ్లలో అది మీకూ తెలుసు. యారాలుతో చెప్పించాలి. యారాలు ఆ రాత్రి తన భర్తతో చెప్పాలి. ఆయన "ఎంత? ఎందుకు? మొన్ననే ఇచ్చిన గదా?" అంటాడు. ఆ మాట మర్నాడు పొద్దున పొయ్యి దగ్గర ఆమెకు చేరుతుంది. ఫీజు ఒక్కటే అయితే ఎలాగో ఓర్చుకోవచ్చు. ఫోన్ రీచార్జికి అదే దారి. తల్లిగారింటికి పోవడానికి బస్సు చార్జికి అదే దారి. ఒంట్లో బాగాలేక డాక్టరు దగ్గరికి పోవాలన్నా, ఆడవాళ్లకు నెలనెలా కావలసిన వాటికైనా అదే దారి. భర్త ఎడారిలో సంపాదిస్తుంటే ఆమె ఇంట్లో చెయ్యి చాపి బతకాలి. అందుకే చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, బీడీలు చుట్టి, ఆ డబ్బుతో మీ కూతురి ఫీజు కట్టింది. దీన్ని మీరు తప్పుగా రాశారు. నేను ఆమెకు దండం పెడతాను.

ఫోన్‌లో ఆమె ఏం మాట్లాడాలి చెప్పండి? డబ్బు సంగతి ఎత్తితే అన్నదమ్ముల మధ్య పుల్ల పెట్టిందంటారు. ఎత్తకపోతే మాట్లాడటానికి ఇంకేం మిగల్లేదు. మీకు పని అయ్యి క్యాంపుకు చేరి ఫోన్ చేసేసరికి అక్కడ ఎనిమిదైతే ఇక్కడ తొమ్మిదిన్నర. ఇల్లంతా అదే గదిలో ఉంటుంది. అందరూ వింటుండగా ఆమె గోడు చెప్పుకోగలదా?

మీ అన్న చెడ్డవాడని నేననడం లేదు. తల్లిదండ్రుల్ని చూసుకుంటున్నాడు, ఇల్లు నిలబెడుతున్నాడు, మీరు లేని లోటు మోస్తున్నాడు. ఆయన మీద గౌరవం ఉండాల్సిందే. కానీ భార్య బాధ్యతను అన్నకు అప్పగించి, దానికి అన్నమీద ప్రేమ అని పేరు పెట్టుకోవడం నేను ఒప్పుకోను. పెళ్లిలో మాట ఇచ్చింది మీరు. ఆమె రెండు పూటలా తిని ఉంటే చాలనుకుంటే ఎలా? ఆమె చేతిలో నాలుగు డబ్బులు ఉండాలి, ఎవరికీ లెక్క చెప్పకుండా ఖర్చు పెట్టుకునే ధైర్యం ఉండాలి. అది లేని చోట ఏ ఆడదానికీ ఇల్లు సొంతమనిపించదు.

ఈ నెల జీతం నుంచే పద్ధతి మార్చండి. ఆమె పేరున బ్యాంకు ఖాతా లేకపోతే తెరిపించండి. మీరు డబ్బు పంపే ఎక్స్ఛేంజ్‌లో ఆమె ఖాతా వివరాలు ఇస్తే నేరుగా ఆమెకే చేరుతుంది. అమ్మానాన్నల మందులకు, ఉమ్మడి ఖర్చుకు ఎంతవుతుందో అన్నతో మాట్లాడుకుని అంత ఆయనకు పంపండి. మిగతాది ఆమెకు. ఈ మార్పు అన్నకు మీ నోటితో మీరే చెప్పండి. "మీ తమ్ముడు ఇట్లన్నడు" అని ఆమె చేత చెప్పించారో, ఆ ఇంట్లో ఆమె బతుకు ఇంకా నరకమవుతుంది. "అన్నా, ఇది నా నిర్ణయం, ఆమెకేం సంబంధం లేదు" అనండి. ఆయన నాలుగు రోజులు అలుగుతాడు. అలగనివ్వండి.

స్లాబ్ విషయం కూడా వచ్చాక చూడండి. గ్రామ పంచాయతీలో ఆ ఇల్లు ఎవరి పేరున ఉందో, పైఅంతస్తు ఎవరికో పెద్దమనుషుల ముందు కాగితం మీద రాసుకోకుండా రూపాయి పెట్టకండి. అన్నదమ్ములు బాగున్నప్పుడు రాసుకునే కాగితమే తర్వాత ఇద్దరినీ కాపాడుతుంది. ఇంకొకటి. మీది ఈసీఆర్ పాస్‌పోర్టు (గల్ఫ్ పనికి పోవడానికి ప్రభుత్వ అనుమతి కావలసిన రకం) అయితే వెళ్లేటప్పుడు ప్రవాసీ భారతీయ బీమా తీసుకునే ఉంటారు. ప్రమాదంలో ప్రాణం పోతే 10 లక్షలు వచ్చే పాలసీ అది. అందులో నామినీగా ఎవరి పేరు ఉందో, దాని గడువు ఎప్పటిదాకా ఉందో చూడండి.

వచ్చేటప్పుడు కార్టన్ కట్టుకుంటారు కదా. బావమరిదికి సెంటు, అమ్మకు కంబలి, అన్న పిల్లలకు బొమ్మలు, ఒక్కోదాని మీద మార్కరుతో పేరు. అందులో మీ భార్య పేరు రాసిన పొట్లం ఏదో ఒకటి ఉండేలా చూసుకోండి. ఆమె ఏమీ అడగదు. అడగడం ఎందుకు మానేసిందో ఇప్పుడు మీకు తెలుసు. వచ్చిన మొదటి వారం చుట్టాల ఇళ్లు, దావతులు పక్కన పెట్టి ఆమెనూ పిల్లనూ తీసుకుని మీ అత్తగారింటికి వెళ్లండి. అక్కడ ఆమె నోరు విప్పుతుంది. విప్పినప్పుడు "అన్న అట్లాంటోడు కాదు" అని అడ్డు తగలకండి, చివరిదాకా వినండి.

పిల్ల అడిగిన దాంట్లో తప్పేం లేదు. దానికి తెలిసిన నాన్న వచ్చి పోయే మనిషి, అందుకే పోయే తేదీ అడిగింది. కసురుకోకుండా తేదీ చెప్పండి. ఏప్రిల్ నెలాఖరున వస్తే దానికి వేసవి సెలవులు, ఇంట్లోనే ఉంటుంది. రోజూ పొద్దున జడ వేసే పని మీరు తీసుకోండి. మొదట్లో రానివ్వదు, వంకరగా వేశారని ఏడుస్తుంది. అయినా మర్నాడు మళ్లీ దువ్వెన పట్టుకోండి. టికెట్ మాత్రం ఇప్పుడే కొనండి, సెలవులు దగ్గరపడే కొద్దీ ధర పెరుగుతుంది. కొన్నాక ఆ కబురు అన్నకంటే ముందు మీ భార్యకు చెప్పండి.