65 వేల ఎస్టిమేట్‌కి ఎఫ్‌డీ తీయాలా?

హనుమకొండ నుంచి ఒకరు అడిగారు: "పదేళ్ల ఏడు సీట్ల బండి సార్. బ్రేక్ తొక్కి పట్టుకుంటే పెడల్ మెల్లగా కిందికి పోతోంది, సిగ్నల్ దగ్గర ఆగితే ఏసీ చల్లగా రాదు, హీటర్ అసలే పనిచేయదు. గ్యారేజీలో 65 వేలు అన్నారు. లక్ష ఎఫ్‌డీ ఉంది. తీసేయాలా, పర్సనల్ లోన్ తీసుకోవాలా?"

ముందు ఆ 65 వేలను మూడు ముక్కలు చేసి రాసివ్వమనండి, ఎందుకంటే ఇవి మూడూ వేరే వేరే పనులు, తొందర కూడా ఒకేలా లేదు.

బ్రేక్ సంగతి ఇవాళే. బ్రేక్ ఆయిల్ లెవెల్ తగ్గకుండా పెడల్ దిగిపోతుంటే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాల బ్రేకులకు నెట్టే భాగం) లోపలి సీళ్లు పోయి ఉండొచ్చు, తగ్గుతుంటే ఎక్కడో బయటికి కారుతోంది. రెండింట్లో ఏదైనా సరే, పిల్లలను ఎక్కించుకుని మేడారం గీడారం అనకండి. మెకానిక్‌నే ఇంటికి పిలవండి, లేదా బండిని టోయింగ్‌లో పంపండి. దీనికి బేరాలొద్దు.

ఏసీ దగ్గర మాత్రం గట్టిగా అడగాలి. రోడ్డు మీద పోతున్నప్పుడు చల్లగా వచ్చి, ఆగితే రావట్లేదంటే మొదటి అనుమానం కండెన్సర్ (ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ) ఫ్యాన్ మీద, తర్వాత కండెన్సర్‌కు పట్టిన దుమ్ము మీద. అవి చూడకుండానే "గ్యాస్ నింపుదాం" అంటే ఆగండి. ఏసీ గ్యాస్ పెట్రోల్ లాగా ఖర్చయ్యేది కాదు, తగ్గిందంటే లీకేజీ ఉన్నట్టే, అది పట్టుకోకుండా నింపితే మీ పైసలు గాల్లోకే.

హీటర్ పక్కన పెట్టండి. మన వరంగల్‌లో దానితో పనెంత? అద్దం మీద మంచు తుడవడానికి ఏసీ చాలు. కాకపోతే హీటర్‌కి వేడి వచ్చేది కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) నుంచే, కాబట్టి ఇంజిన్ చల్లారాక దాని లెవెల్ చూడండి, అది తగ్గుతుంటే మాత్రం ఆలస్యం చేయొద్దు, ఇంజిన్ వేడెక్కి పాడైతే ఈ 65 వేలు చిన్నమొత్తమే అవుతుంది. లెవెల్ బాగుంటే హీటర్ కోసం డ్యాష్‌బోర్డు విప్పే పనికి ఇప్పుడు ఒప్పుకోకండి, కూలీయే బాగా అవుతుంది.

ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి, అరిగిపోయిన పార్టులకు మామూలు పాలసీ ఇవ్వదు. పర్సనల్ లోన్ వద్దే వద్దు, ఎఫ్‌డీ మీద వచ్చే వడ్డీ కంటే దానికి కట్టేదే ఎక్కువ. మూడు నాలుగు నెలల్లో తీర్చగలిగితే ఎఫ్‌డీ మీద ఓవర్‌డ్రాఫ్ట్ (ఎఫ్‌డీ తీయకుండానే దాన్ని చూపి వాడుకునే అప్పు) అడగండి, ఎఫ్‌డీ రేటు కంటే ఒకటి రెండు శాతం ఎక్కువ ఉంటుంది, వాడుకున్న మొత్తానికే వడ్డీ. తీర్చలేమనుకుంటే కావలసినంతే తీయడానికి వీలుందా అని బ్యాంకులో అడగండి, ముందే తీస్తే కొంత వడ్డీ కోస్తారు, అంతే. ఇంట్లో అత్యవసరానికి ఆ లక్ష తప్ప ఇంకేమీ లేకపోతే బ్రేక్‌కి మాత్రమే ముట్టుకోండి, ఏసీకి వచ్చే నెల జీతం చూసుకోవచ్చు.